గడ్డివాములో దొరికిన బల్లెం

కాపు మీదున్నన్నాళ్ళూ ముసునూరు చుట్టుపక్కల మామిడి తోటల్లో రాత్రి కాపలా తప్పదు. రసాలు, బంగినపల్లి, కలెక్టరు కాయ లారీకెక్కేదాకా ఎవరో ఒకరు చెట్ల కింద మంచం వేసుకుని మేలుకునే ఉండాలి. ఒకప్పుడు ఆ మెలకువకు చుట్ట, ట్రాన్సిస్టరు తోడు. ఇప్పుడు సెల్‌ఫోను. దొంగలు రాకుండా కాపలా కాస్తున్న మనిషి చేతిలో హత్యల కథ నడుస్తుంటే నవ్వు రావచ్చు గానీ, ఆ ప్రేక్షకుణ్ణి తక్కువ అంచనా వెయ్యకూడదు. హంతకుడెవరో రెండో ఎపిసోడుకే చెప్పేస్తాడు. ఇంకో నాలుగు సీన్లయ్యాక “పోలీసులు అట్లా చెయ్యరులే” అని కొట్టిపారేస్తాడు కూడా.

ఆ మాట ఊరికే రాదు. పల్లెలో నేర పరిశోధన తెరమీద కన్నా దగ్గరగా కనిపిస్తుంది. ఎవరైనా అనుమానాస్పదంగా చనిపోతే శవ పంచనామాకు ఊళ్ళో వాళ్ళనే పిలుస్తారు. దొరికిన కత్తికో సెల్‌ఫోనుకో మధ్యవర్తుల నివేదిక రాస్తే దాని కింద సంతకం పెట్టేది చాలాసార్లు వీఆర్వో, లేకపోతే దారినపోతూ ఆగిన మనిషి. ఏళ్ళు గడిచాక సమన్లు వస్తాయి. బోనెక్కి ఆ రోజు ఏం చూశారో చెప్పాలి. డిఫెన్సు లాయరు లేచి, “మీరు అక్కడికి వెళ్ళనే లేదు, స్టేషన్లో కూర్చుని సంతకం పెట్టారు, అవునా?” అని అడుగుతాడు. సాక్షి తడబడితే కేసు తడబడినట్టే. ఇంత ఉత్కంఠ ఉన్న ఘట్టం మన వెబ్ సిరీస్‌లలో అరుదుగా కనిపిస్తుంది. నేరం ఎవరు చేశారో తేలగానే అవి శుభం కార్డు వేసేస్తాయి. ఆ తేల్చినదాన్ని నిలబెట్టడం అనే రెండో సగం రాయరు. నేరకథ నాణ్యం తెలిసేది ఆ రెండో సగంలోనే.

తెలుగులో ఈ రెండు సగాలనూ ఒకే కవి రాసిన కాలం ఒకటుంది. పదమూడో శతాబ్దంలో కేతన దండి సంస్కృత గద్యాన్ని ‘దశకుమార చరిత్రము’గా తెనిగించి తిక్కనకు అంకితమిచ్చాడు. అందులో అపహారవర్మ కథ ఉంది. పిసినారుల ఇళ్ళకు కన్నాలు వేసి, ఆస్తి పోగొట్టుకున్నవాళ్ళకు పంచే రాకుమారుడతను. దండి మూలంలో అతని సరంజామా జాబితా చదివితే ఇప్పటి దోపిడీ సినిమాల దర్శకులు కూడా ముక్కున వేలేసుకుంటారు: కొలతకు దారం, కన్నంలోంచి ముందుగా లోపలికి పెట్టి చూడ్డానికి కృత్రిమ మనిషి తల, ఇంట్లో దీపం ఆర్పడానికి పెట్టెలో పురుగులు. ఇదే కేతన యాజ్ఞవల్క్య స్మృతి వ్యాఖ్యానమైన మితాక్షరను ఆధారం చేసుకుని ‘విజ్ఞానేశ్వరము’ అనే ధర్మశాస్త్ర గ్రంథం కూడా తెలుగులో రాశాడు. అది అనుసరించే యాజ్ఞవల్క్య సంప్రదాయంలో వ్యాజ్యం తేల్చడానికి ప్రమాణాలు మూడు: లిఖితం, భుక్తి, సాక్షి. అంటే పత్రం, అనుభవంలో ఉండడం, చూసినవాడి మాట. అవేవీ లేనప్పుడే దివ్యాలు, అంటే దైవం మీద భారం వేసి పెట్టే పరీక్షలు. కన్నం వేయడం ఎలాగో, కన్నం వేసినవాణ్ణి పట్టి నిరూపించడం ఎలాగో రెండూ ఒకే కలం నుంచి వచ్చాయన్నమాట. ఆ తర్వాత మన నేరకథ మొదటిదాన్ని బాగా గుర్తుపెట్టుకుంది, రెండోదాన్ని మరిచిపోయింది.

పూర్తిగా మరవలేదు లెండి. మర్యాద రామన్న కథలు అందుకు సాక్ష్యం. నలుగురు మిత్రులు పేదరాసి పెద్దమ్మ దగ్గర సొమ్ము దాచి, నలుగురూ కలిసి వస్తేనే ఇవ్వమంటారు. ఒకడు మాయచేసి పట్టుకుపోతాడు. మిగిలిన ముగ్గురూ అవ్వ మీద పడతారు. సరే, ఇస్తుంది, కానీ నలుగురూ కలిసి రండి అంటాడు రామన్న. కొట్టడం లేదు, ఒప్పించడం లేదు. వాళ్ళు పెట్టిన షరతునే వాళ్ళకు అడ్డం వేశాడు. పరిశోధనలో బలం కన్నా తర్కానికి పెద్దపీట వేసిన కథ ఇది. పిల్లల కథగా చెలామణి కావడం వల్ల దీని పనితనం మీద ఎవరి దృష్టీ పడలేదు.

అచ్చు యుగంలో ఆ తర్కం అద్దె పుస్తకాల షాపుల్లోకి చేరింది. చలం కుటుంబానికే చెందిన కొమ్మూరి సాంబశివరావు 1950ల చివర్లో డిటెక్టివ్ యుగంధర్‌ను తెచ్చాడు. అసిస్టెంటు రాజు, ఇన్‌స్పెక్టరు స్వరాజ్యరావు, మద్రాసు వీధులు, జేబులో పట్టే పుస్తకం. ఆరుద్ర కూడా ఆ రోజుల్లో డిటెక్టివ్ నవలలు రాశాడు. తర్వాత మధుబాబు షాడో వచ్చి పరిశోధనను సాహసం వైపు తిప్పాడు, పాఠకులు ఊగిపోయారు. కొమ్మూరి పనితనం అధ్యాయాన్ని తెంపే చోట ఉంది. తలుపు చప్పుడైనప్పుడో ఫోను మోగినప్పుడో అధ్యాయం అయిపోతుంది. ఇప్పుడు ఓటీటీలో ‘తర్వాతి ఎపిసోడ్’ మీట నొక్కించే కిటుకు అదే. ఇంగ్లండులో 1929లో రొనాల్డ్ నాక్స్ అనే రచయిత డిటెక్టివ్ కథకు పది నియమాలు పెట్టాడు. వాటి సారాంశం ఒక్కటే: డిటెక్టివ్‌కు దొరికిన ఆధారం పాఠకుడికీ కనిపించాలి. ఇది పాటించని రచయిత ఎంత వేగంగా కథ నడిపినా, చివర్లో పాఠకుడికి జేబు కత్తిరించినట్టే ఉంటుంది.

ఈ నియమాన్ని తెలుగు తెర మీద చక్కగా పాటించిన సినిమాల్లో వంశీ ‘అన్వేషణ’ (1985) ఒకటి. అడవిలో చావులన్నీ పులి ఖాతాలో పడుతుంటాయి. పక్షుల కూతలకూ రాగాలకూ ఉన్న సంబంధం వెతుక్కుంటూ వచ్చిన అమ్మాయి ఆ ఖాతా సరైనదేనా అని అడగాల్సి వస్తుంది. అంత భయం మాటల వల్ల రాలేదు, ఇళయరాజా నేపథ్య సంగీతం వల్ల, అది ఆగిపోయే చోట్ల వల్ల వచ్చింది. మరుసటి ఏడు మల్లాది వెంకటకృష్ణమూర్తి నవల ఆధారంగా జంధ్యాల ‘చంటబ్బాయ్’ తీసి డిటెక్టివ్‌ను నవ్వులపాలు చేశాడు. ఒక ప్రక్రియ మీద పేరడీ వచ్చిందంటే అది జనంలో బాగా నాటుకుందనే అర్థం. చంద్రశేఖర్ ఏలేటి ‘అనుకోకుండా ఒక రోజు’ (2005)లో పోయింది మనిషి కాదు, ఒక రోజు. ఆ ఖాళీని పూరించడమే కథంతా. ‘ఎవరు’ (2019) స్పానిష్ సినిమా ‘కాంట్రాటియెంపో’ నుంచి వచ్చింది. అందులో ఒకే సంఘటనను చెప్పేవాళ్ళను బట్టి మళ్ళీమళ్ళీ చూపిస్తారు. తెరమీద కనిపించిందల్లా నిజం కాదని ప్రేక్షకుడు ఒప్పుకోవడానికి కాసేపు పడుతుంది.

‘దృశ్యం’ సంగతి వేరు. మలయాళంలో జీతూ జోసెఫ్ 2013లో తీసిన కథను శ్రీప్రియ మరుసటి ఏడు వెంకటేష్‌తో తెలుగులో తీసింది. చంపింది ఎవరో మొదటే తెలుసు. ఆ పద్ధతి కొత్తది కాదు, ఆస్టిన్ ఫ్రీమన్ 1912లోనే అలా కథలు రాశాడు. కొత్తదనం నాయకుడి వృత్తిలో ఉంది. రాంబాబు కేబుల్ ఆపరేటరు, రాత్రింబగళ్ళు సినిమాలు చూసేవాడు. నేరకథల ప్రేక్షకుడే నేరకథలో నాయకుడయ్యాడు. అతను ఆధారాలను చెరిపేయడంతో ఆగడు, తయారుచేస్తాడు. బస్సు టికెట్టు, హోటలు బిల్లు, సినిమా హాల్లో ఆపరేటరుతో మాట. ఒక తేదీన జరిగిన ప్రయాణాన్ని ఇంకో తేదీన జరిగినట్టు పదిమంది బుర్రల్లో నాటుతాడు. వాళ్ళలో అబద్ధమాడేవాడు ఒక్కడూ ఉండడు. అందరూ నమ్మినదే చెబుతారు. ప్రత్యక్ష సాక్షి అంటే ఏమిటి, జ్ఞాపకం ఎంత పలచనిది అన్న సంగతి ఇంత సులువుగా విప్పిచెప్పిన పాఠం లా కాలేజీలో కూడా దొరకడం కష్టం. చివరికి పోలీసులు రాంబాబు కుటుంబాన్ని కొట్టడం మొదలుపెట్టినప్పుడు ప్రేక్షకుడు ఎవరి పక్షాన ఉన్నాడో తనకే తెలిసి ఉలిక్కిపడతాడు.

కొట్టడం అన్నాం కాబట్టి అక్కడ కాస్త ఆగాలి. తెలుగు క్రైమ్ డ్రామాలో అతి సాధారణమైన ముగింపు ఒప్పుకోలు. చీకటి గది, వేలాడే బల్బు, రెండు దెబ్బలు, నిందితుడు మొత్తం చెప్పేస్తాడు. సంగీతం మారుతుంది, ఫైలు మూస్తారు. చట్టంలో ఆ సీనుకు దాదాపు విలువే లేదు. 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షను ప్రకారం పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారాన్ని నిందితుడికి వ్యతిరేకంగా రుజువు చేయకూడదు. దాని స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 23వ సెక్షను కూడా అదే చెబుతుంది. ఒక మినహాయింపు ఉంది. నిందితుడు ఇచ్చిన సమాచారం వల్ల ఏదైనా వస్తువు బయటపడితే, ఆ బయటపడ్డ సంగతికి సంబంధించినంత మేరకు అతని మాట చెల్లుతుంది.

ఆ ‘మేరకు’ ఎంతవరకు? దేశమంతటికీ దారి చూపిన జవాబు గుంటూరు నుంచి వెళ్ళింది. 1945లో గుంటూరు సెషన్స్ కోర్టు ఒక ఊరి కొట్లాట, హత్యల కేసులో కొందరికి శిక్ష వేసింది. మద్రాసు హైకోర్టు దాన్ని ఖాయం చేసింది. అప్పీలు లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది. పులుకూరి కోటయ్య కేసుగా 1947 లా రిపోర్టుల్లో అచ్చయింది. పోలీసుల దగ్గర ఒక నిందితుడు కొట్టి చంపామని చెప్పాడు, ఆపైన బల్లెం ఫలానావాళ్ళ గడ్డివాములో దాచానని చెప్పాడు. బల్లెం దొరికింది. దాచిన మాట చెల్లుతుంది, చంపిన మాట చెల్లదు అని ప్రివీ కౌన్సిల్ తేల్చింది. గడ్డివాములో బల్లెం ఉందని అతనికి తెలుసునన్నంత వరకే ఆ మాట సాక్ష్యం. దానితోనే పొడిచారని వేరే ఆధారంతో రుజువు చేసుకోవాలి. ఇప్పటికీ ఏ రాష్ట్రంలో ఏ హత్య కేసు విచారణకు వచ్చినా, వస్తువు స్వాధీనం దగ్గర లాయర్లు ఈ తెలుగువాడి పేరే ఎత్తుతారు. మన తెరమీద మాత్రం ఇది ఇంకా పెద్దగా కనబడలేదు. ఒకే వాక్యాన్ని రెండు ముక్కలు చేసి, ఒకటి ఉంచి ఒకటి పారేసే సీను రాయగలిగితే అంతకు మించిన మలుపు ఏముంటుంది?

దీన్ని లాయర్ల చాదస్తం అనుకునేవాళ్ళు ఇబ్రహీంపట్నం కేసు గుర్తుచేసుకోవాలి. ముసునూరు కూడా 2022 ఏప్రిల్‌లో ఏలూరు జిల్లాలో కలిసేదాకా, అప్పట్లో ఇబ్రహీంపట్నం ఉన్న కృష్ణా జిల్లాలోదే. 2007 డిసెంబరులో ఇబ్రహీంపట్నంలోని ఒక హాస్టల్లో ఫార్మసీ విద్యార్థిని దారుణంగా హత్యకు గురైంది. రాష్ట్రం అట్టుడికిపోయింది. 2008లో పోలీసులు ఒక పేద కుర్రవాణ్ణి పట్టుకుని ఇతనే అన్నారు. 2010లో విజయవాడ కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న ఉమ్మడి హైకోర్టు అతను నిర్దోషి అని విడుదల చేసింది. అప్పటికి ఎనిమిదేళ్ళకు పైగా జైల్లో గడిచిపోయింది. తర్వాత దర్యాప్తు సీబీఐ చేతికి వెళ్ళింది. కూతుర్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులకు జవాబు లేదు, జైల్లో పోయిన వయసు ఆ కుర్రవాడికి తిరిగి రాదు. క్రైమ్ సిరీస్ లెక్క ప్రకారం ఈ కథ 2008 అరెస్టు దగ్గరే సుఖాంతమైపోవాలి.

ఊళ్ళో దీనికి రెండు సామెతలున్నాయి. నిప్పు లేనిదే పొగ రాదు అన్నది ఒకటి. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారు అన్నది ఇంకొకటి. టీవీ చర్చలు మొదటిదాని మీద నడుస్తాయి. కోర్టు రెండోదాని మీద నడవాలి. చూసిన సాక్షి లేక, పరిస్థితులే సాక్ష్యమైనప్పుడు ఏం కావాలో 1984లో శరద్ బిర్దిచంద్ శారదా కేసులో సుప్రీంకోర్టు ఐదు సూత్రాలుగా చెప్పి, వాటికి పంచశీల అని పేరు పెట్టింది. గొలుసులో ఏ లంకె తెగకూడదు, నిందితుడు తప్ప వేరేవాళ్ళు చేసి ఉండవచ్చన్న సందు మిగలకూడదు. ఒక ప్రేక్షకుడు ఈ ఐదూ దగ్గర పెట్టుకుని ఓటీటీలో ఏ సిరీస్ చూసినా సరదా తగ్గదు, పెరుగుతుంది.

శైలేష్ కొలను ‘హిట్’ వరస ఈ పరీక్షలో ఎటు నడిచిందో చూడదగ్గది. 2020లో వచ్చిన మొదటి ‘హిట్’ హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద తప్పిపోయిన అమ్మాయితో మొదలవుతుంది. పరిశోధకుడికే మనసు గాయపడి ఉంది. అనుమానాలు ఒక్కొక్కటిగా పుడతాయి, ఒక్కొక్కటిగా చస్తాయి. ఆ ఓపిక బాగుంది. 2025లో నాని నటించిన మూడోదానికి వచ్చేసరికి ఆధారాల స్థానాన్ని నెత్తురు ఆక్రమించింది. థియేటర్లో ఈలలు పడ్డాయి, నిజమే. పరిశోధన మాత్రం పక్కకు జరిగింది. 2019లో వచ్చిన ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ వీటన్నిటికీ ముందుగానే, పెద్ద ఆర్భాటం లేకుండా బదులిచ్చింది. నెల్లూరులో ఓ మూల ఆఫీసు, పేరు మాత్రం ఎఫ్‌బీఐ. అంటే ఫాతిమా బ్యూరో ఆఫ్ ఇన్వెస్టిగేషన్. నవీన్ పొలిశెట్టి నవ్విస్తూ నవ్విస్తూ, దిక్కులేని శవాల చుట్టూ తిరిగే ఒక నేరం దగ్గరికి తీసుకెళ్తాడు. చిన్న ఊరి డిటెక్టివ్‌కు చిన్న ఊరి నేరమే దొరకాలన్న ఇంగితం ఆ సినిమాకు ఉంది.

ఇక నిజ నేరాల డాక్యుమెంటరీలు. వీటిలో పనితనానికి కొలమానం ఇప్పటికీ ఎరల్ మోరిస్ 1988లో తీసిన ‘ద థిన్ బ్లూ లైన్’. 1976లో అమెరికాలోని డల్లస్‌లో ఒక పోలీసు హత్యకు గురయ్యాడు. రాండల్ డేల్ ఆడమ్స్ అనే వ్యక్తికి మరణశిక్ష పడి, తర్వాత యావజ్జీవంగా మారింది. మోరిస్ కొంతకాలం ప్రైవేటు డిటెక్టివ్‌గా పనిచేసినవాడు. అతను హత్యా దృశ్యాన్ని పదేపదే నటింపజేసి చూపించాడు. కానీ ప్రతిసారీ ఒక్కో సాక్షి చెప్పినట్టుగా. గాలిలో తేలుతూ నేల మీద పడే మిల్క్‌షేక్ గ్లాసు దగ్గర్నుంచి అన్నీ కనిపిస్తాయి, కానీ ఒక దృశ్యానికీ మరో దృశ్యానికీ పొంతన ఉండదు. చూసేవాడికి సాక్ష్యంలోని బొక్కలు కళ్ళకు కడతాయి. 1989లో ఆడమ్స్ జైలు నుంచి బయటికొచ్చాడు. మన న్యూస్ చానళ్ళు రాత్రిపూట వేసే నేర కథనాల్లో కూడా నటీనటులతో దృశ్యాలుంటాయి. అవి నడిచేది పోలీసుల ప్రెస్‌మీట్ ప్రకారం. మోరిస్ అనుమానాన్ని నటింపజేశాడు, వీళ్ళు ఆరోపణను నటింపజేస్తారు.

ఢిల్లీలో 2018 జూలై 1న ఒకే ఇంట్లో పదకొండు మంది చనిపోయిన ఘటన మీద 2021లో వచ్చిన ‘హౌస్ ఆఫ్ సీక్రెట్స్: ద బురారీ డెత్స్’ ఈ విషయంలో ఎంతో నయం. గోడకున్న పదకొండు గొట్టాల మీద ఆ రోజుల్లో చానళ్ళు అల్లిన చిలవలు పలవలు అన్నీ ఇన్నీ కావు. లీనా యాదవ్ ఆ రొదను కూడా కథలో భాగం చేసి చూపించి, దొరికిన డైరీల దగ్గరికి, ఇంట్లో ఎవరూ బయటికి చెప్పుకోని మానసిక వ్యథ దగ్గరికి మెల్లగా తీసుకెళ్ళింది. ‘కర్రీ అండ్ సయనైడ్’ (2023) మీద అంత మంచి మాట చెప్పలేం. కేరళలోని కూడత్తాయి మరణాల కేసు ఇంకా విచారణలో ఉండగానే అది విడుదలైంది. బాగానే కట్టారు. కానీ తీర్పు రాకముందే చూసేవాళ్ళ మనసులో తీర్పు రాసేసే చిత్రాన్ని ఎంత బాగా కట్టారన్నది రెండో ప్రశ్న.

బాధితురాలి పేరు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. అత్యాచార బాధితుల గుర్తింపు బయటపెట్టడం నేరం. పాత శిక్షాస్మృతిలో 228ఏ, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 72. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర జరిగిన ఘోరంలో చాలామంది ఆ హద్దు దాటాకే ‘దిశ’ అన్న పేరు పెట్టారు. డిసెంబరు 6న నలుగురు నిందితులూ పోలీసు కాల్పుల్లో చనిపోతే జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో ఆ ఎన్‌కౌంటర్ కథనాన్ని నమ్మలేమని, పోలీసులు చంపాలనే కాల్చారని తేల్చి, పది మంది పోలీసులను విచారించాలని సిఫార్సు చేసింది. పూలు చల్లిన దృశ్యం అందరికీ గుర్తుంది. నివేదిక చదివినవాళ్ళు ఎంతమంది? తుపాకీతో ముగిసే సినిమాలు ఏళ్ళ తరబడి చూసిన కళ్ళకు ఆ దృశ్యం క్లైమాక్సులా కనిపించడంలో వింత లేదు.

ఈ సంప్రదాయానికి ఇంకో పాత మచ్చ ఉంది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం 1913లో సాల్వేషన్ ఆర్మీ నడిపిన సెటిల్‌మెంటు. నేరస్థ తెగల చట్టం కింద ఎరుకల కుటుంబాలను అక్కడ ఉంచారు. పుట్టుకతోనే దొంగ అని రాసిపెట్టిన ఆ చట్టం 1952లో పోయింది. ఊరి పేరు మాత్రం సినిమాకు ముడిసరుకై మిగిలిపోయింది. ‘స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్’ (1991), ‘టైగర్ నాగేశ్వరరావు’ (2023). రెండోది చరిత్రను కొంత చెప్పడానికి చూసింది గానీ, రైలు దోపిడీ సీను ముందు చరిత్ర ఎక్కువసేపు నిలవలేదు.

అలాగని తెలుగు నేరకథకు రుజువు సగం చేతకాదని అనలేం. యండమూరి వీరేంద్రనాథ్ ‘అభిలాష’ను ఎ. కోదండరామిరెడ్డి 1983లో చిరంజీవితో తీశాడు. మరణశిక్ష రద్దు కావాలని నమ్మిన లాయరు, నిర్దోషిని కూడా ఉరి తీయవచ్చని చూపడానికి తనే హత్య కేసులో ఇరుక్కుంటాడు. వ్యవహారం చేయి దాటిపోతుంది. హీరో ఎదిరించిన సెక్షను 302 ఇప్పుడు 103 అయింది, వాదన మాత్రం పాతబడలేదు. 2021లో విజయ్ కనకమేడల తీసిన ‘నాంది’లో అల్లరి నరేష్ చేయని హత్యకు ఏళ్ళ తరబడి విచారణ ఖైదీగా మగ్గుతాడు. అందులో ఆయుధం తుపాకీ కాదు, తప్పుడు కేసు పెట్టినవాళ్ళను శిక్షించే, పాత శిక్షాస్మృతిలోని 211వ సెక్షను. ఆ సెక్షను ఉందని ఆ సినిమా చూశాకే తెలిసినవాళ్ళు చాలామంది. 2025 మార్చిలో రామ్ జగదీష్ ‘కోర్ట్’ వచ్చింది. పోక్సో చట్టం కింద పరువు కోసం ఇరికించిన కుర్రవాడి తరఫున ప్రియదర్శి పాత్ర వాదిస్తుంది. సగం సినిమా సాక్షుల్ని ప్రశ్నించడంతోనే నడుస్తుంది. పెద్ద స్టారు లేడు, ఛేజింగు లేదు, అసలు హత్యే లేదు. హాళ్ళు నిండాయి.